రాత్రయితే కాళ్లకు బేచైనీ!

పడుకుంటే చాలు... కాళ్లల్లో ఏదో పాకినట్టు, లోపల్నుంచి ఎవరో గుంజినట్టు. లేచి నాలుగడుగులు వేస్తే హాయి. మళ్లీ నడుం వాలిస్తే మళ్లీ మొదలు. నిద్రను మింగేసే ఈ బాధకు ఓ పేరుంది. మందూ ఉంది.

లాడ్‌ బజార్‌లో మెరిసే గాజుల వెనక ఎన్ని చేతులున్నాయో అన్ని ముడుచుకున్న కాళ్లూ ఉన్నాయి. పాతబస్తీ గల్లీల్లో ఇంటిపట్టునే కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికేవారు, చట్రం ముందు గంటల తరబడి జర్దోసీ పని చేసేవారు ఎందరో. అలా కూర్చున్నవాళ్లకు రాత్రి కాళ్లు పీకడం మామూలే అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కోడలు అర్ధరాత్రి లేచి పచార్లు చేస్తుంటే ‘పగలంతా పని మరి’ అని కాస్త నూనె రాసి పడుకోమంటారు. కానీ అలసటే అయితే పడుకున్నాక తగ్గాలి. పడుకుంటేనే ఎక్కువవుతోందంటే సంగతి వేరు.

వైద్యులు దీన్ని ‘రెస్ట్‌లెస్‌ లెగ్స్‌ సిండ్రోమ్‌’ అంటారు. పాతబస్తీ వాడుకలో ఉన్న ‘బేచైనీ’ అన్న మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. నొప్పి అనలేరు, తిమ్మిరీ అనలేరు... కదపకుండా మాత్రం ఉండలేరు. ఇంగ్లండ్‌ వైద్యుడు థామస్‌ విల్లిస్‌ 1672లోనే దీని గురించి రాశాడు. స్వీడన్‌ నరాల నిపుణుడు కార్ల్‌ ఆక్సెల్‌ ఎక్‌బామ్‌ 1940ల్లో పూర్తిగా వివరించి పేరు పెట్టాడు. ఇంత పాత జబ్బయినా మన దగ్గర చాలామంది నొప్పి మాత్రలతోనే సరిపెట్టుకుంటున్నారు!

నాలుగు ప్రశ్నలు

దీన్ని పట్టిచ్చే స్కానింగ్‌ ఏదీ లేదు. కాళ్లు కదపాలన్న తహతహ ఉందా? కదలకుండా ఉంటే పెరుగుతోందా? నడిస్తే తగ్గుతోందా? సాయంత్రం, రాత్రి వేళల్లోనే ఎక్కువా? నాలుగింటికీ ‘అవును’ అయితే, అందుకు మరో జబ్బు కారణం కాకపోతే ఇదేనని అనుమానించాలి. షుగరుతో నరాలు దెబ్బతిన్నవారికి వచ్చే అరికాళ్ల మంటలు నడిచినంత మాత్రాన పోవు. పిక్కలు పట్టేస్తే కండరం రాయిలా గట్టిపడుతుంది. ఇందులో అలా ఉండదు. చాలామందిలో ఇది కుటుంబపరంగానూ వస్తుంది.

అసలు దొంగ ఇనుమే!

మెదడులో డోపమైన్‌ అనే రసాయనం సరిగా పనిచేయాలంటే ఇనుము కావాలి. అది తగ్గితే కాళ్లు ఊరుకోవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్‌ బాగుంది కదా అని ఊరుకోవడానికీ లేదు. ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము ఎంతో చెప్పేది ఫెరిటిన్‌ పరీక్ష. రిపోర్టులో ‘నార్మల్‌’ అని ఉన్నా ఈ బాధ ఉన్న పెద్దవాళ్లలో అది మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు దాటకపోతే ఇనుము ఇవ్వడం మేలంటారు నిపుణులు. అలాగని సొంతంగా మాత్రలు కొనుక్కోకూడదు. తలసీమియా ఉన్నవారిలో రక్తం తక్కువగా కనిపించినా ఇనుము మాత్రం ఎక్కువే ఉండొచ్చు.

ఇక ఇరానీ చాయ్‌ సంగతి. ఇనుము మాత్ర వేసుకుని వెంటనే చాయ్‌ తాగితే మాత్ర వేసుకున్న ఫలం దక్కదు. కనీసం గంటైనా ఎడం ఉండాలి. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. రాత్రిపూట చాయ్‌ కొందరిలో కాళ్ల తహతహనీ పెంచుతుంది. కాళ్లకు బలమని పాయా తాగడం ఇక్కడి అలవాటు. రుచికి తిరుగులేదుగానీ ఇనుము కావాలంటే కలేజీయే నయం. గర్భిణులు మాత్రం అదీ డాక్టర్నడిగే తినాలి.

గర్భిణుల్లో ఈ బాధ చివరి మూడు నెలల్లో ఎక్కువ. కాన్పయ్యాక చాలామందికి కొన్ని వారాల్లోనే సర్దుకుంటుంది. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికి చెకప్‌కు వెళ్లినప్పుడు ‘కాళ్లు గుంజుతున్నాయి’ అని ఊరుకోకుండా, ఏ వేళలో, ఏం చేస్తే తగ్గుతోందో కూడా చెప్పాలి. డయాలసిస్‌ చేయించుకునేవారిలోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. వాళ్లకు గంటల తరబడి కదలకుండా పడుకోవడమే పెద్ద శిక్ష.

నిద్ర పట్టట్లేదని కొందరు జలుబుకు, దురదలకు వాడే మత్తు మాత్రలు వేసుకుంటారు. అవే బాధను పెంచుతాయి! వాంతులకు వాడే కొన్ని మందులూ, డిప్రెషన్‌ మాత్రలూ అంతే. అవి వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. బాధ తక్కువగా ఉంటే పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకోవడం, పిక్కలు సాగదీయడం, మర్దన, సాయంత్రం కాస్త నడక... చాలామందికి ఇవే ఉపశమనం.

తీవ్రంగా ఉంటేనే మందులు. ప్రామిపెక్సాల్‌, రోపినిరోల్‌ మాత్రలు మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ రాత్రి రావాల్సిన బాధ మధ్యాహ్నానికే మొదలవుతుంది, చేతులకూ పాకుతుంది. కొందరికి జూదం పిచ్చి, అదుపులేని షాపింగ్‌ పట్టుకుంటాయి. అందుకే అమెరికన్‌ అకాడమీ ఆఫ్‌ స్లీప్‌ మెడిసిన్‌ 2025 మార్గదర్శకాల్లో వాటిని మామూలుగా వాడవద్దని సూచించింది. ఇనుము, గాబాపెంటిన్‌, ప్రీగాబాలిన్‌లకే ముందు చోటిచ్చింది. ఇప్పటికే ఆ పాత మాత్రలు వాడుతున్నవారు ఒక్కసారిగా మానేస్తే బాధ విపరీతంగా తిరగబెడుతుంది. డాక్టరు చెప్పినట్టు మోతాదును మెల్లగా దించుకుంటూ రావాలి.