వుజూ ముగియని పిల్లవాడు

నిన్నమొన్నటి వరకు ఆడుతూ పాడుతూ తిరిగిన ఎనిమిదేళ్ళ పిల్లవాడు వారం తిరిగేసరికి మారిపోతాడు. వుజూకు కూర్చుంటే లేవడు. కడిగిన చేతినే మళ్ళీ కడుగుతాడు. “అమ్మీ, నా వుజూ అయిందా?” అని పదిసార్లు అడుగుతాడు. తల్లి కొంగు విడవడు, అన్నం ముట్టడు, కళ్ళు టపటపలాడిస్తాడు. ముత్యాల్లాంటి చేతిరాత కోడిగీతలవుతుంది. ఇంట్లో ఒకరు దీన్ని దైవభీతి అంటారు, ఒకరు మొండితనం అంటారు. పొరుగింటావిడ జిన్ను సోకిందంటుంది. కొన్ని వారాల క్రితం అతనికి జ్వరం, గొంతునొప్పి వచ్చి తగ్గిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ముందుగా గుర్తు చేసుకోవలసింది ఆ గొంతునొప్పినే.

గొంతులో చేరే సూక్ష్మక్రిములలో ‘గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్’ ఒకటి. దానిని ఎదిరించేందుకు అల్లాహ్ మన శరీరంలో రక్షణ వ్యవస్థను ఏర్పరిచాడు. అయితే ఆ క్రిమికీ మన సొంత కణజాలానికీ కొంత పోలిక ఉన్నందున, కొందరు పిల్లల్లో ఆ రక్షణే దారితప్పి గుండె కవాటాల మీద, కీళ్ళ మీద, మెదడు లోపల కదలికలను అదుపులో ఉంచే భాగం మీద పడుతుంది. ఇంగ్లండు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ 1686లో వర్ణించిన ‘కొరియా’ వ్యాధి ఇలా వచ్చేదే. చేతులు, కాళ్ళు, ముఖం వాటంతటవే మెలికలు తిరుగుతాయి. ఉన్నట్టుండి ఏడుపు, కోపం వస్తాయి. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లల్లో, అందులోనూ ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. గొంతునొప్పి తగ్గిన కొన్ని నెలల తర్వాత కూడా రావచ్చు. చేతిలోని గ్లాసు జారవిడిచిందని అమ్మాయిని తిట్టే ముందు ఈ సంగతి తలచుకోవాలి. కొరియా ర్యుమాటిక్ జ్వరంలో ఒక భాగం. సంపన్న దేశాల్లో అరుదైపోయిన ఆ జ్వరం మన దేశంలో ఇంకా పిల్లల గుండెలను పాడుచేస్తూనే ఉంది.

వుజూ ముగించలేని పిల్లవాడి లక్షణాల వంటివాటిని 1998లో అమెరికాలో సూజన్ స్వీడో అనే వైద్యురాలి బృందం 50 మంది పిల్లల్లో వర్ణించి, ‘పాండాస్’ అని పేరు పెట్టింది. దీని విషయంలో వైద్యులకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. కొరియాను అందరూ అంగీకరిస్తారు. పాండాస్‌కు యాంటీబయాటిక్స్ ఎంత మేలు చేస్తాయన్నది వివాదాంశం. రక్తపరీక్షలో ‘ఏఎస్ఓ’ పెరిగినంత మాత్రాన రుజువు కాదు, ఆ క్రిమి సోకిన ఎందరో ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ అది పెరుగుతుంది. కనుక మందుల దుకాణంలో అడిగి మాత్రలు కొనడం వైద్యం కాదు. మార్పు ఏ రోజున మొదలైందో రాసుకోండి, ఆ కదలికలను ఫోనులో చిత్రీకరించండి, పిల్లల వైద్యుని దగ్గరకు వెళ్ళి గొంతును, గుండెను కూడా పరీక్షించమని అడగండి.

ర్యుమాటిక్ జ్వరం అని తేలితే మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది, అది కూడా ఏళ్ళ తరబడి, వేయించవలసి ఉంటుంది. బిడ్డ కోలుకున్నట్టు కనబడగానే తల్లిదండ్రులు సూది మాన్పిస్తే, తర్వాతి గొంతునొప్పితో వ్యాధి తిరగబెట్టి గుండె కవాటం మరింత చెడుతుంది. రమజాను వచ్చిందని కూడా సూదిని వాయిదా వేయకండి. బాలిగ్ కాని బిడ్డకు రోజా విధి కాదు. పెద్దవారికైనా కండకు వేసే సూదితో రోజా భంగం కాదన్నదే అత్యధిక ముఫ్తీల అభిప్రాయం.

ఇక వుజూ మాట. సందేహం వల్ల నిశ్చయం తొలగిపోదన్నది ఫిఖ్‌హ్ మూలసూత్రాలలో ఒకటి. వస్‌వసాకు లోబడి నీళ్ళు గుమ్మరించేవారిని వారిస్తూ ఇమామ్ ఇబ్నె ఖుదామా ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. అంతకు చాలా ముందే అబూ జైద్ బల్ఖీ, వదలక వేధించే ఆలోచనలను చికిత్స అవసరమైన రుగ్మతగా చర్చించారు. పదిసార్లు అడిగిన బిడ్డకు పదిసార్లు “అయింది” అని చెబితే ఆ క్షణానికి ఊరట కలుగుతుంది కాని రోగం బలుస్తుంది. ఒక్కసారి శాంతంగా చెప్పి, “లే బేటా, నమాజుకు వెళదాం” అని చేయి పట్టి తీసుకువెళ్ళాలి. మానసిక వైద్యులు నేర్పే అభ్యాసం కూడా ఇలాంటిదే. వారి దగ్గరకు వెళ్ళడంలో సిగ్గుపడవలసింది లేదు.

పదేళ్ళ పిల్లల నమాజు గురించిన హదీసును చూపి బెత్తం తీసేవారున్నారు. అది నమాజును నిర్లక్ష్యం చేసే పిల్లవాడి గురించి. నమాజు చెల్లుతుందో లేదోనని వణికే పిల్లవాడి గురించి కాదు. యుక్తవయసు రాని బిడ్డ కర్మల పద్దు రాసే కలమే ఎత్తివేయబడిందని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు కదా! మందు వాడవచ్చా అని అడిగిన పల్లెవాసులకు వాడమనే ఆయన బోధించారు. ఫాతిహా, ఫలఖ్, నాస్ సూరాలు చదివి బిడ్డపై ఊదండి, తహజ్జుద్‌లో దుఆ చేయండి. కాని పొగబెట్టే, కొట్టే, వేలు గుంజే ఆమిల్ గడప తొక్కకండి. పెంపకం సరిగా లేదని తల్లిని నిందించకండి. రాత్రుళ్ళు మేలుకునేది ఆమే.

ఉపాధ్యాయులకు కూడా ఒక బాధ్యత ఉంది. చేతిరాత చెడటం, పాఠం వల్లిస్తూ ముఖం మెలికలు తిప్పడం ముందుగా కనిపించేది మక్తబ్‌లోనే. అటువంటప్పుడు శిక్షించకుండా ఇంటికి కబురు పంపాలి. ఒకే గదిలో పక్కపక్కన పడుకునే మదరసా పిల్లల్లో గొంతుజబ్బు ఒకరినుంచి ఒకరికి త్వరగా పాకుతుంది. జ్వరంతో గొంతు నొప్పి ఉన్న విద్యార్థికి వేరే పడక, వేరే గ్లాసు ఇచ్చి, మరునాడే వైద్యునికి చూపించాలి.