డర్టీ బాంబు: అసలు ముప్పు ఎక్కడుంది?

1995 నవంబరులో మాస్కోలోని ఇజ్మైలోవ్‌స్కీ పార్కులో పాతిపెట్టిన ఒక పొట్లం బయటపడింది. అందులో ఉన్నది సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం. దాని ఆచూకీని టీవీ విలేకరులకు చెప్పింది చెచెన్ తిరుగుబాటుదారులే. దాన్ని వాళ్లు పేల్చలేదు. ఇప్పటివరకు ఏ ఉగ్రవాద ముఠా కూడా డర్టీ బాంబు పేల్చలేదు.

దీన్ని అణుబాంబుగా పొరబడేవాళ్లు చాలామంది. అణుబాంబులో పరమాణు కేంద్రకాలు గొలుసుకట్టుగా చీలతాయి. ఇక్కడ అదేమీ జరగదు. మామూలు పేలుడు పదార్థమే రేడియోధార్మిక ధూళిని చుట్టూ వెదజల్లుతుంది. పేలుడు ధాటికి దగ్గరున్నవాళ్లు చనిపోవచ్చు. ధూళి మాత్రం గాలిలో పలచబడుతుంది కాబట్టి రేడియేషన్‌తో అప్పటికప్పుడు పోయే ప్రాణాలు తక్కువేనని నిపుణుల అంచనా.

కానీ ఆ ధూళి ఒక ఊరిని ఏం చేస్తుందో బ్రెజిల్‌లోని గొయానియా నగరం బాంబు లేకుండానే చూసింది. 1987 సెప్టెంబరులో పాడుబడ్డ క్లినిక్‌లోంచి తుక్కు ఏరుకునేవాళ్లు రేడియోథెరపీ యంత్రం భాగాన్ని ఎత్తుకెళ్లారు. కొన్న తుక్కు వ్యాపారికి రాత్రిపూట అందులోంచి నీలి వెలుగు కనిపించింది. ఆ వింత పొడిని చుట్టాలకు, స్నేహితులకు పంచాడు. ఓ ఆరేళ్ల పాప అది అంటిన చేతులతోనే తిండి తిన్నది. ఆ పొడిలోని సీజియం క్లోరైడ్ ఉప్పులాంటిది: నీళ్లలో కరుగుతుంది, ఒంటికి అంటుతుంది, ఇల్లంతా పాకుతుంది. వంద గ్రాములైనా లేని పొడికి ఆ పాపతో సహా నలుగురు బలయ్యారు. 249 మందికి అది అంటినట్టు తేలింది. పరీక్షలు చేయించుకున్నవాళ్లు మాత్రం 1,12,000 మంది! ఇళ్లు కూల్చారు, పైమట్టి తవ్వి తీసేశారు. పాపను సీసం పెట్టెలో శ్మశానానికి తెస్తే జనం రాళ్లు రువ్వారు. ఉగ్రవాదికి కావలసింది సరిగ్గా ఈ భయమే.

మన దేశంలోనూ 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వాడకుండా మూలనపడ్డ గామా యంత్రాన్ని తుక్కు కింద వేలం వేశారు. మాయాపురిలో దాన్ని విడగొడితే కోబాల్ట్-60 బయటపడి ఒకరు చనిపోయారు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. కుట్ర ఏమీ లేదు, ఉన్నదల్లా నిర్లక్ష్యమే. అందుకే ఈ ముప్పుకు మొదటి కాపలా ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో, ప్రయోగశాలల్లో ఉన్న ప్రతి రేడియోధార్మిక పదార్థానికీ లెక్క ఉండటం. సీజియం తీవ్రత సగానికి తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది. లెక్క కూడా అంతకాలం నిలవాలి. రోగులకు ఎక్కించే రక్తానికి రేడియేషన్ పట్టించే సీజియం యంత్రాల బదులు ఎక్స్‌రే యంత్రాలు వచ్చాయి. వాటికి మారడం ఇంకా మేలు.

ఎప్పుడైనా అలాంటి పేలుడు జరిగితే వెంటనే ఇంట్లోకి వెళ్లి, పైబట్టలు విప్పి సంచిలో కట్టి, సబ్బుతో స్నానం చేయండి. అంటిన ధూళిలో చాలా భాగం బట్టలతోనే పోతుంది. అయోడిన్ మాత్రలు సీజియం మీద పనిచేయవు, వాటికోసం పరుగెత్తకండి. తుక్కులో మూడు రెక్కల గుర్తున్న బరువైన లోహపు పెట్టె కనిపిస్తే ముట్టుకోకుండా దూరం జరిగి 112కు ఫోన్ చేయండి.