మూన్ కాక్టస్: ఒక కుండీలో రెండు మొక్కలు, పురుగుల షెడ్డుకు కొంచెం దూరం



హోసూరు, బెంగళూరు వైపు నర్సరీలకు పోయినవాళ్ళు చూసే ఉంటారు. చిన్న కుండీలో మూడు అంచుల పచ్చని కాడ, దాని నెత్తిన ఎర్రగానో పసుపుగానో గుండ్రని ముద్ద. దాన్నే మూన్ కాక్టస్ అంటారు. పిల్లలు ముచ్చటపడతారు, మనం కొంటాం. కొన్నాళ్ళకు ముద్ద మెత్తబడుతుంది. నీళ్ళు చాల్లేదేమో అని ఇంకా పోస్తాం, అది ఇంకా తొందరగా పోతుంది. ఈ మొక్క ఎట్లా బతుకుతుందో, మన పురుగులకు ఇబ్బంది లేకుండా ఎక్కడ పెట్టుకోవాలో ఈ వారం చూద్దాం.

*పైన ఒకటి, కింద ఒకటి*

పైనున్న ముద్ద పేరు జిమ్నోకాలిసియం మిహనోవిచి. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశం, అక్కడి చాకో అనే ఎండు పొదల అడవి. అక్కడ అది ఎర్రగా ఉండదు. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, చిన్న నిమ్మకాయంత సైజులో, పొదల నీడన నేలకు అంటుకొని ఉంటుంది.

1941లో జపాన్‌లో ఐజి వాతనాబె అనే ఆయన నర్సరీలో, వేల మొలకల మధ్య రెండు ఎర్రగా వచ్చాయి. వాటిలో పత్రహరితం లేదు. పచ్చదనం లేదు కాబట్టే లోపలి ఎరుపు బయటికి కనిపించింది. కానీ పత్రహరితం లేని మొక్క ఎండతో తన తిండి తాను చేసుకోలేదు. ఆకు తినలేని పురుగు గూడు కట్టలేదు గదా, అట్లే. అందుకని దాన్ని పచ్చని కాక్టస్ మీద అంటు కట్టి బతికించారు. ఇప్పుడు దక్షిణ కొరియాలో వీటిని పెద్ద ఎత్తున పెంచి ఎగుమతి చేస్తున్నారు.

కిందున్న కాడ మనకు తెలిసినదే, డ్రాగన్ ఫ్రూట్. తిండి చేసేది అది, తినేది పైనున్న ముద్ద. డ్రాగన్ తొందరగా పెరుగుతుంది, ముద్ద నిదానంగా పెరుగుతుంది. ఈ తేడా వల్ల కొన్నేళ్ళకు అంటు దగ్గర పట్టు వదులుతుంది. మీరు ఎంత బాగా చూసుకున్నా దాని ఆయుష్షు తక్కువే.

*ఎండ, నీళ్ళు, మన్ను*

- వెలుతురు బాగా ఉండాలి, మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకూడదు. తూర్పు వసారా మంచిది.
- ఎర్రమన్ను, గరుకు ఇసుక లేదా చిన్న గులకరాళ్ళు సమంగా, కొంచెం బాగా మాగిన ఎరువు. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి.
- మన్ను లోపలిదాకా ఆరాకే నీళ్ళు. వానకాలం, చలికాలం ఇంకా తగ్గించండి. ముద్ద మీద పోయకండి.
- ముద్ద కింద కాడకు పచ్చని పిలకలు వస్తే తీసేయండి. లేకుంటే బలమంతా వాటికే పోతుంది.

*షెడ్డులో ఎందుకు పెట్టకూడదు?*

చాకీ పురుగులకు 27-28 డిగ్రీల వేడి, 85-90 శాతం తేమ చూస్తాం. పెద్ద పురుగులకు కూడా 70 శాతం పైనే. ఆ తేమలో కాక్టస్ కుళ్ళుతుంది. అది మొక్కకు నష్టం. మనకు నష్టం వేరే ఉంది.

కాక్టస్ గాడుల్లో దూదిలా తెల్లగా పిండినల్లి చేరుతుంది. మల్బరీలో తుక్రా తెచ్చేది కూడా ఒక రకం పిండినల్లే. ఏది ఏ రకమో కంటితో తేల్చడం కష్టం. కాబట్టి ఈ కుండీని తోట గట్టున పెట్టకండి, పాత మన్ను మల్బరీ సాళ్ళలో పారేయకండి.

అసలు ప్రమాదం మందు. పిండినల్లిని చంపే మందు పట్టుపురుగునూ చంపుతుంది, అదీ పురుగే గదా. కుండీకి మందు కొట్టిన చేత్తో ఆకు కోస్తే బ్యాచ్ మొత్తానికి ముప్పు. కొన్న మొక్కకు నర్సరీలోనే మందు కొట్టి ఉండవచ్చు. కాబట్టి:

- కుండీని షెడ్డుకు, ఆకు నిలవ చేసే చోటుకు దూరంగా, ఇంటి ముందు వైపు పెట్టండి.
- ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కొనే ఆకు పట్టండి.
- పిండినల్లికి సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే చాలు. మందు వద్దు.

*మళ్ళీ అంటు కట్టుకోవడం*

ముద్ద పక్కన చిన్న పిల్లలు వస్తాయి. పాతది పోకముందే, ఎండలు ఉన్న పొడి రోజుల్లో, ఒక పిల్లను తీసుకోండి. వేళ్ళు పట్టిన డ్రాగన్ కాడను జానెడు లోపల ఎత్తులో శుభ్రమైన బ్లేడుతో అడ్డంగా సమంగా కోయండి. అంచుల్ని కొంచెం చెక్కండి. పిల్ల అడుగు కూడా సమంగా కోయండి. రెండింటి మధ్యలోనూ చిన్న గుండ్రని వలయం కనిపిస్తుంది. ఆ రెండు వలయాలూ ఒక చోటన్నా తాకేటట్టు వెంటనే ఆనించి, కుండీ అడుగునుంచి రబ్బరు బ్యాండ్లు వేయండి. వారం పది రోజులు నీడలో, కోత మీద నీళ్ళు పడకుండా ఉంచండి.

ఎర్ర ముద్దకు అందం తప్ప వేరే ఉపయోగం లేదు. అది పోయినా కింద కాడ గట్టిగా, పచ్చగా ఉంటే పారేయకండి. పెరట్లో ఒక రాతికూసం పక్కన నాటండి. డ్రాగన్ తీగగా ఎక్కుతుంది.

ముద్ద రంగు మారినా, మెత్తబడినా అంటు దగ్గర కనిపించేటట్టు ఫోటో తీసి గ్రూపులో పెట్టండి.