పెద్దాసుపత్రి వాకిట వైద్యుడు

గ్రామపెద్దలారా!

ఊరిలో ఎవరినైనను పాము కరచినను, తాటిచెట్టుపైనుండి ఎవరైనను పడినను, "విశాఖ పెద్దాసుపత్రికి తీసికొనిపొండు" అని మొదట పలుకువారు మీరే. ఆ కింగ్ జార్జి ఆసుపత్రిని 1923 జూలైలో పానగల్లు రాజావారు ప్రారంభించిరి. అప్పటికి ఓడరేవు లేదు. అది 1933లో తెరువబడెను. ఉక్కు కర్మాగారమునకు 1971లో పునాదిరాయి పడెను. కర్మాగారములతో పట్టణము పెరిగినది, ప్రమాదములును పెరిగినవి. శ్రీకాకుళము, విజయనగరము, మన్యము, ఒడిశా సరిహద్దు పల్లెలు, వీనన్నిటినుండియు రోగులు ఆ వాకిటికే వచ్చుచున్నారు. అచ్చట క్యాజువాల్టీలో నిలిచియుండు వైద్యుని పనిని, దానిపై పరిపాలనయు రాజకీయములును చూపు ప్రభావమును నేడు విచారింతము.

ముందు వచ్చినవానిని ముందు చూచుట అచ్చటి నియమము కాదు. ఎవని ప్రాణమునకు ఎక్కువ అపాయము కలదో వానిని ముందు చూడవలెను. గట్టిగా అరచువానికన్న, అరవలేక పడియున్నవాడే తరచుగా అపాయములో నుండును. ఆ తారతమ్యమును క్షణములో తెలిసికొనుటయే వైద్యుని విద్య.

కాని ఆ విద్య యొక్కటియే చాలదు. సూది వేయుట వైద్యుని చేతిలోని పని. ఆ మందు బీరువాలో నుండుట అతని చేతిలో లేదు. మందులను కొని పంపునది వేరొక సంస్థ. ఉద్యోగములను మంజూరు చేయునది ప్రభుత్వము. వైద్యకళాశాలల ఆసుపత్రులు వైద్యవిద్యా సంచాలకుని క్రిందను, జిల్లా, ఏరియా ఆసుపత్రులు 1986 నాటి శాసనముచే ఏర్పడిన వైద్య విధాన పరిషత్తు క్రిందను చాలకాలము నడచినవి. క్రింది ఆసుపత్రిలో మత్తువైద్యుని స్థానము ఖాళీగా నున్నచో, అచ్చటనే శస్త్రచికిత్స పొందదగిన రోగిని విశాఖకు పంపుదురు. కాగితముమీది ఆ ఖాళీయొక్క బరువు, అర్ధరాత్రి మేలుకొనియున్న హౌస్ సర్జను భుజములపై పడును. రోగి బంధువులు కోపగించునది మాత్రము ఎదుటనున్న ఆ చిన్నవానిపైననే.

ఇక సిఫారసుల సంగతి. ఒక నాయకుడు ఫోనుచేసి, "మావాడు వచ్చినాడు, ముందు చూడుడు" అనును. ఆ మాట చెప్పించినవారు మంచి ఉద్దేశముతోనే చెప్పించియుందురు. కాని వైద్యుడు అటు తిరిగిన అయిదు నిమిషములలో, చెప్పువారెవరును లేని కూలివాడొకడు ఊపిరి విడువవచ్చును. వైద్యుడు తిరుగడేని, మరునాడు సంజాయిషీ వ్రాసికొనవలసి వచ్చునేమో యను భయము. ఈ రెంటి నడుమ నలుగుట అతనికి నిత్యకృత్యము.

లోపమును చెప్పుటయు సులభము కాదు. 2020 ఏప్రిలులో నర్సీపట్నము ప్రభుత్వాసుపత్రి మత్తువైద్యుడొకరు, మహమ్మారివేళ మాస్కులు చాలవని బహిరంగముగా పలికి సస్పెండు అయిరి. మే 16వ తేదీన విశాఖలో పోలీసులు ఆయనను చేతులు కట్టి తీసికొనిపోయిన దృశ్యమును దేశమంతయు చూచినది. హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆజ్ఞాపించెను. 2021 మేలో ఆయన మరణించిరి. తప్పొప్పుల నిర్ణయము న్యాయస్థానములది. మనము గ్రహింపవలసినది ఒక్కటి: లేదని చెప్పుటకు వైద్యుడు భయపడినచో, లేనిది లేకయే యుండును.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, విశాఖ చెంత వెంకటాపురములోని ఎల్.జీ. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెడలెను. 12 మంది మరణించిరి. వందలమందిని ఆసుపత్రులకు చేర్చిరి. అట్టి ఉదయమున ఆక్సిజను కొనుటకు టెండరు పిలువ వీలగునా? మంచములు, గొట్టములు, తర్ఫీదుపొందిన మనుష్యులు ముందే యుండవలెను. ఆ ముందుచూపునకే మంచి పరిపాలన యని పేరు.

దీనిలో మీ వంతు ఏమి? గాయపడినవానిని తీసికొనిపోవుటకు పోలీసు కాగితముకొరకు ఆగకుడు. ముందు చికిత్స, తరువాతనే తక్కిన విధులు అని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2005 నుండి మన రాష్ట్రమున నడచుచున్న 108 బండిని పిలువుడు. రోగి వెంట ఇరువది మందిని పంపకుడు. విషయము తెలిసిన ఒక్కనిని పంపుడు. వైద్యునిపై చేయిచేసికొనుట 2008 నాటి చట్టము ప్రకారము నేరమని యువకులకు చెప్పుడు.

అన్నిటికన్న ముఖ్యమైనది మరియొకటి. మీ శాసనసభ్యుడు ఊరికి వచ్చినపుడు, మావానికి మంచము ఇప్పింపుడని అడుగకుడు. "మన ఏరియా ఆసుపత్రిలో మత్తువైద్యుడున్నాడా? పాముకాటు మందు ఈ నెల వచ్చినదా? ఖాళీలు ఎప్పుడు నిండును?" అని పదిమంది ఎదుట అడుగుడు. మొదటి కోరిక ఒక్కనికి మేలుచేసి, వేరొకని వంతును తీసివేయును. రెండవది ఊరందరికిని మేలుచేయును. విశాఖ వాకిట నిలిచిన ఆ వైద్యునికి, తన విద్య నేర్పినట్లు పనిచేయు స్వేచ్ఛను ఇచ్చును.