డీజిలు సెస్సు - మన ఊరి రోడ్డు

పాలు పితికిన తరువాత కాలం మన చేతిలో ఉండదు. చల్లబరచని పాలు ఎండాకాలంలో మూడు నాలుగు గంటలకు మించి నిలవవు. ఆ లోగా క్యాన్లు శీతలీకరణ కేంద్రం చేరాలి. దారిలో కల్వర్టు కూలినా, గోతిలో వ్యాను దిగబడినా నష్టం మొదట వచ్చేది సభ్యునికే. విరిగిన పాలకు వెన్న శాతం ఎంత ఉన్నా ధర రాదు. అందువలన రోడ్డు సంగతి సర్పంచుగారిదో, ఇంజనీరుగారిదో అని పాల సంఘాలు ఊరుకోవడానికి వీలులేదు. పైగా ఆ రోడ్డు కోసం మనం రోజూ డబ్బు కడుతూనే ఉన్నాము. ఎలా కడుతున్నామో, అది ఎక్కడికి పోతుందో సభ్యులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సెస్సు అనగా నేమి?

పెట్రోలు, డీజిలు ధరలో కేంద్రానికి చెందే ఎక్సైజు సుంకం, రాష్ట్రానికి చెందే అమ్మకపు పన్ను అనగా వ్యాట్ కలిసి ఉంటాయి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పటికీ ఈ రెండు ఇంధనాలు దాని పరిధిలోకి రాలేదు. కేంద్ర సుంకంలో ఒక భాగానికి రోడ్డు, మౌలిక సదుపాయాల సెస్సు అని పేరు. ఫలానా పనికి అని చెప్పి వసూలు చేసే సొమ్మును సెస్సు అంటారు. ఇది 2020 మేలో లీటరుకు 18 రూపాయల దాకా పెరిగింది. 2021 నవంబరులో, 2022 మేలో తగ్గించిన మీదట పెట్రోలుపై 5 రూపాయలు, డీజిలుపై 2 రూపాయలు అయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో రోడ్ల అభివృద్ధి కోసమని లీటరుకు మరొక రూపాయి సెస్సు విధించింది.

ఒక లెక్క చూద్దాము. పాల వ్యాను ఒక రూటులో పూటకు 60 కిలోమీటర్ల చొప్పున రెండు పూటలా తిరుగుతుందనుకొందాము. లీటరుకు 10 కిలోమీటర్లు నడిస్తే రోజుకు 12 లీటర్లు, సంవత్సరానికి 4,380 లీటర్ల డీజిలు అవుతుంది. లీటరుకు 2 రూపాయల చొప్పున కేంద్ర సెస్సు 8,760 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ రూటు అయితే రాష్ట్ర సెస్సు మరో 4,380. రెండూ కలిసి 13,140 రూపాయలు. ఇది ఒక్క వ్యాను లెక్క. సభ్యుల మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు దీనికి అదనం. రోడ్డెక్కని ఆయిలింజను కోసం కొన్న డీజిలుకు కూడా రైతు ఈ సెస్సు కడుతున్నాడని గమనించాలి.

ఈ పద్ధతి ఎప్పటిది?

ఇది నేటి పద్ధతి కాదు. మోటారు బండ్లు పెరిగి రోడ్లు పాడవుతూ ఉంటే, వాటిని బాగుచేసే శక్తి జిల్లా బోర్డులకు లేకపోయింది. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేశారు. రోడ్ల భారం స్థానిక సంస్థల తాహతుకు మించినదని, పెట్రోలుపై అదనపు సుంకం వేసి ఆ సొమ్మును రోడ్లకే వెచ్చించాలని ఆ సంఘం చెప్పింది. ఆ ప్రకారం 1929లో గాలనుకు రెండు అణాలు చొప్పున వసూలు చేసి కేంద్ర రోడ్డు నిధి ఏర్పరచారు. రోడ్డును వాడేవారే రోడ్డుకు డబ్బివ్వాలి, ఆ డబ్బు రోడ్డుకే పోవాలి అన్నది సూత్రం.

2000 సంవత్సరంలో ఈ నిధికి చట్టబద్ధత వచ్చింది. ఆ చట్టం వాటాలను స్పష్టంగా చెప్పింది. డీజిలు సెస్సులో సగం గ్రామీణ రోడ్లకు. మిగిలిన సగానికి పెట్రోలు సెస్సు కలిపి, అందులో నూటికి 57.5 వంతులు జాతీయ రహదారులకు, 30 వంతులు రాష్ట్ర రోడ్లకు, 12.5 వంతులు రైల్వే లైనుపై వంతెనలకు, లైను కింది దారులకు, కాపలాలేని గేట్ల వద్ద భద్రతకు. అదే సంవత్సరం డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. మైదాన ప్రాంతాలలో 500, కొండ, గిరిజన ప్రాంతాలలో 250 జనాభా గల ఆవాసాలకు అన్ని కాలాలలోనూ పనికివచ్చే రోడ్డు వేయడం దాని లక్ష్యం. మన పాల రూట్లలో కొన్ని ఆ విధంగా వేసిన రోడ్లే.

రైల్వే గేట్ల వాటా చిన్నదిగా కనిపించవచ్చును. కాని 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొని పలువురు చిన్నారులు ప్రాణాలు కోల్పోయిన సంగతి మరువరానిది. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజి లైన్లపై కాపలాలేని గేట్లను పూర్తిగా తొలగించారు.

సభ్యులు ఇక్కడ రెండు మార్పులు తెలిసికోవాలి. 2018లో చట్టాన్ని సవరించి నిధి పేరులో మౌలిక సదుపాయాలను చేర్చారు. రోడ్లకే గాక ఇతర నిర్మాణాలకు కూడా ఈ సొమ్ము ఇవ్వవచ్చును. నూటికి ఇంత అని కట్టిన వాటాలు పోయి, ఆర్థికమంత్రి అధ్యక్షతన గల సంఘం కేటాయింపులు నిర్ణయిస్తుంది. రెండవది, గ్రామ సడక్ రోడ్ల ఖర్చు మొదట పూర్తిగా కేంద్రమే భరించేది. 2015-16 నుండి మన రాష్ట్రాలలో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతులు పెట్టుకోవాలి. రాష్ట్ర వాటా ఆలస్యమైతే పని ఆలస్యమవుతుంది.

వేయడం ఒకటి, నిలబెట్టడం ఒకటి

గ్రామ సడక్ రోడ్డు వేసిన కంట్రాక్టరే అయిదేళ్లపాటు దాని మరమ్మతు కూడా చూడాలి. ఈ షరతు కంట్రాక్టులోనే ఉంటుంది. అయిదేళ్లు దాటితే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. అప్పుడు రాష్ట్రం నిధులిచ్చే వరకు వేచి ఉండాలి. ఈ తేడా తెలియక ఒక సంఘం నష్టపోయిన తీరు మేము కళ్లారా చూశాము.

మేము తనిఖీకి వెళ్లే ఆ ఊరి దారిలో కల్వర్టు పక్కన మట్టి కోసుకుపోయింది. వానాకాలంలో వ్యాను ఊరి బయటే ఆగేది. క్యాన్లను ఎడ్లబండిపై మోసేవారు. అలస్యమైన రోజుల్లో పాలు వెనక్కి వచ్చేవి. పాలకవర్గం ఒక కార్యాలయానికి అర్జీ పెట్టింది. కొన్ని నెలలకు, ఆ రోడ్డు తమది కాదని జవాబు వచ్చింది. రెండవ కార్యాలయం కూడా అదే మాట అన్నది. మేము కూడా ఆ అర్జీలు చూచి సంతకం చేసి వచ్చామే గాని, రోడ్డు ఎవరిదని అడగలేదు. ఆ తప్పు మాది కూడా.

చివరకు ఊరి మొదట్లో తీగలు కమ్మిన బోర్డును ఒక సభ్యుడు శుభ్రం చేశాడు. రోడ్డు పేరు, పథకం, పూర్తయిన తేదీ, మరమ్మతు గడువు అన్నీ దానిపై ఉన్నాయి. గడువు ముగిసి రెండు నెలలయింది. అర్జీ మొదటి రోజునే సరియైన చోటికి వెళ్లి ఉంటే కంట్రాక్టరు తన ఖర్చుతో చేయవలసిన పని అది. తరువాత నిధులు మంజూరై పని జరగడానికి మరొక వానాకాలం గడిచింది. ఆ రెండు వానాకాలాలలో ఇద్దరు సభ్యులు గేదెలను అమ్ముకొన్నారు. చెల్లించిన సెస్సు ఎక్కడికీ పోలేదు. దానిని అడగవలసిన చోటు మనకు తెలియలేదు, అంతే.

సంఘాలు చేయవలసిన పనులు

మొదట, పాల రూటులోని ప్రతి రోడ్డు ఎవరిదో కనుగొని మినిట్సు పుస్తకంలో వ్రాసి పెట్టుకోవాలి. రాష్ట్ర రహదారులు, పెద్ద జిల్లా రోడ్లు రోడ్లు భవనాల శాఖవి. ఊరికి వచ్చే గ్రామీణ రోడ్లు సాధారణంగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. ఊరిలోని వీధులు గ్రామ పంచాయతీవి.

రెండవది, గ్రామ సడక్ రోడ్డయితే మరమ్మతు గడువు ఎప్పటికి ముగుస్తుందో చూచి, దానికి ముందు వచ్చే వేసవిలోనే రోడ్డంతా నడిచి చూడాలి. గోతులు, కోసుకుపోయిన అంచులు, పూడిన కాలువలు ఎక్కడెక్కడ ఉన్నవో కిలోమీటరు రాయి గుర్తుతో వ్రాసి, తీర్మానం చేసి పంపాలి. వివరాలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం అడగవచ్చును.

మూడవది, మన వంతు. తారు రోడ్డుకు నీరు శత్రువు. పగుళ్లలోకి దిగిన నీరు కింది కంకర పొరను మెత్తబరుస్తుంది, బరువు బండి రాగానే అది గొయ్యి అవుతుంది. పొలం నీళ్లు రోడ్డుపైకి వదలడం, పైపు కోసం రోడ్డు తవ్వి వదలివేయడం, పక్క కాలువలో పెంట పోయడం మానుకోవాలి. రోడ్డుపై ధాన్యం, మొక్కజొన్న ఎండబోసి చుట్టూ రాళ్లు పేర్చడం, అంచున పశువులను కట్టడం చీకట్లో ప్రాణాలు తీస్తాయి. తెల్లవారక ముందే బయలుదేరే పాల వ్యానుకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

పన్ను కట్టడంతో మన పని తీరదు. లీటరు పాలకు వెన్న శాతం సరిగా వేశారా అని చూచుకొనే సభ్యుడు, లీటరు డీజిలుపై తాను కట్టిన రూపాయి తన ఊరి రోడ్డుకు చేరిందా అని కూడా చూచుకోవాలి. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ విషయం ఒక అంశంగా చేర్చవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము.