మీకు తెలుసా? నూనెకు కాపలాదారు విటమిన్-ఇ

● బిస్కెట్ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ‘యాంటీఆక్సిడెంట్ 306’ అని ఉంటే కంగారు పడకండి. అది గింజల నూనెల నుంచి తీసిన విటమిన్-ఇ. 319, 320, 321 అని ఉంటే మాత్రం కృత్రిమంగా తయారైనవి.

● 1922లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ ఇవాన్స్, కేథరీన్ బిషప్ ఎలుకల మీద ప్రయోగాలు చేస్తూ విటమిన్-ఇ జాడ పట్టారు. ఎలుకలు బాగానే పెరిగాయి, కడుపు కూడా పండింది. కానీ పిల్లలు గర్భంలోనే చనిపోయేవి. లెట్యూస్ ఆకు, గోధుమ మొలక పెడితే నిలిచాయి. 1936లో ఇవాన్స్ బృందం గోధుమ మొలక నూనె నుంచి దాన్ని విడదీసింది.

● విటమిన్-ఇ ఒక్కటి కాదు, ఎనిమిది: నాలుగు టోకోఫెరాల్స్, నాలుగు టోకోట్రయినాల్స్. పొద్దుతిరుగుడు నూనెలో ఆల్ఫా టోకోఫెరాల్, సోయా, నువ్వుల నూనెల్లో గామా ఎక్కువ. తవుడు నూనె, పామాయిల్‌లలో టోకోట్రయినాల్స్ దొరుకుతాయి. మన కాలేయం మాత్రం ఆల్ఫానే ఏరుకుని రక్తంలోకి పంపుతుంది.

● గాలి తగిలితే నూనె ముక్కవాసన ఎందుకొస్తుంది? ఆక్సిజన్ వల్ల చెడిన ఒక కొవ్వు అణువు పక్కదాన్ని చెడగొడుతుంది, అది ఆ పక్కదాన్ని. టోకోఫెరాల్ తనలోని ఒక హైడ్రోజన్ పరమాణువును ఇచ్చి ఆ వరస తెంపేస్తుంది. ఆ పనిలో తాను ఖర్చయిపోతుంది. ఒంట్లో అయితే విటమిన్-సి దాన్ని మళ్లీ పనిలోకి తెస్తుంది. నూనె సీసాలో ఆ సాయం చేసేవాళ్లు లేరు.

● ఆవకాయలో పోసే నువ్వుల నూనె అంత తేలిగ్గా చెడదు. దానిలో గామా టోకోఫెరాల్‌తో పాటు సెసమాల్ వంటి నువ్వులకే సొంతమైన పదార్థాలూ కాపు కాస్తాయి.

● వంద గ్రాముల పొద్దుతిరుగుడు పప్పులో సుమారు 35 మిల్లీగ్రాములు, బాదంలో 25 మిల్లీగ్రాముల విటమిన్-ఇ ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 15 మిల్లీగ్రాములు చాలని అమెరికా లెక్క.

● మంచిదే కదా అని మాత్రలు మింగేయొద్దు. అమెరికా, కెనడాల్లో 35 వేల మందికి పైగా పురుషులతో జరిగిన ‘సెలెక్ట్’ అధ్యయనం 2011లో ఓ హెచ్చరిక చేసింది. రోజూ 400 యూనిట్ల విటమిన్-ఇ మాత్ర వేసుకున్నవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా అసలు ముట్టుకోకూడదు.

● పునుగులు, గారెలు వేశాక మిగిలిన నూనెలో కొత్త నూనె కలపకండి. వేడికి పాత నూనెలోని విటమిన్-ఇ చాలామటుకు హరించుకుపోయి ఉంటుంది. అందులో అప్పటికే చెడిన అణువులు కొత్త నూనెలోని విటమిన్-ఇని కూడా తొందరగా తినేస్తాయి. నూనె కొంచెం కొంచెం కొనుక్కుని, మూత బిగించి, వెలుతురు తగలని చోట పెట్టుకోండి.