నోరు నొచ్చిన బిడ్డ ఏం తింటాడు?

బిడ్డ సన్నగా ఉంటే మనం కడుపు గురించే ఆలోచిస్తాం. నులిపురుగుల మాత్ర వేయిస్తాం, బలం మందు సీసా కొంటాం, "ఎంత పెట్టినా ఒంటబట్టడం లేదు" అని బాధపడతాం. బిడ్డ బొద్దుగా ఉంటే "ఒళ్లు చేశాడు, ఇక ఫరవాలేదు" అని సంతోషిస్తాం. ఈ రెండు సందర్భాల్లోనూ మనం చూడటం మరచిపోయే చోటు ఒకటుంది. అది బిడ్డ నోరు. పన్ను పుచ్చడానికీ ఒంటి బరువుకూ ఉన్న సంబంధాన్ని ఈ నెల మన కుటుంబాల ముందు ఉంచాలని ఆశపడుతున్నాము.

చీరాల, పేరాల, వేటపాలెం చుట్టుపక్కల మన సంఘాల్లో మగ్గం మీద బ్రతికే ఇళ్లున్నాయి, మిరప, ప్రత్తి చేలల్లో కూలికి వెళ్లే ఇళ్లున్నాయి. మిరప కోతల రోజుల్లో తల్లి తెల్లవారకముందే ఆటో ఎక్కుతుంది. పిల్లలు టీలో బన్ను ముంచుకొని తిని బడికి పోతారు. మగ్గం గుంటలో దిగిన తండ్రి నేత మధ్యలో లేవలేడు. ఏడ్చే బిడ్డ చేతిలో ఐదు రూపాయల బిళ్ల పెడతాడు. ఆ బిళ్ల బడ్డీకొట్టులో చాక్లెట్టుగానో, క్రీము బిస్కెట్టుగానో, రంగునీళ్ల పాకెట్టుగానో మారుతుంది. ఇది ప్రేమ లేక కాదు, తీరిక లేక. కాని ఆ తీపి బిడ్డ ఆకలిని చంపుతుంది, పళ్లనూ తింటుంది.

పన్ను ఎలా పుచ్చుతుంది?

పన్నులో పురుగు పడిందంటారు పెద్దలు. కంటికి కనిపించే పురుగేమీ ఉండదు. మన నోటిలో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులు పళ్లకు అంటుకున్న పాచిలో నివసిస్తాయి. మనం తిన్న తీపి వాటికి ఆహారం. అవి దానిని తిని ఆమ్లాన్ని విడుస్తాయి. ఆ ఆమ్లం పన్ను పైనున్న గట్టి పింగాణి పొరను కొద్దికొద్దిగా కరగిస్తుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే ఇది మొదలవుతుంది. తరువాత అరగంట నుండి గంటలోపు లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, కరిగిన చోటును మళ్లీ సరిచేయడానికి పూనుకుంటుంది. దేవుడు మన నోటిలోనే పెట్టిన వైద్యం ఇది.

అయితే లాలాజలానికి సమయం కావాలి. అన్నంతోపాటు ఒక లడ్డూ తిన్న బిడ్డ కంటే, ఉదయం నుండి సాయంత్రం వరకు గంటకొక చాక్లెట్టు చప్పరించే బిడ్డ పళ్లు ఎక్కువగా పుచ్చుతాయి. స్వీడన్ దేశంలో విపెహోల్మ్ ఆసుపత్రిలో 1940వ దశకంలో చేసిన పరీక్షలు ఈ సంగతిని స్పష్టంగా చూపించాయి. బుద్ధిమాంద్యం గలవారి మీద, వారి సమ్మతి లేకుండా ఆ పరీక్షలు చేయడం అన్యాయమే. అలా తెలిసిన సత్యాన్ని మనం నిర్లక్ష్యం చేయడం తగదు. ఎంత తీపి తిన్నామన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది, అది పళ్లకు ఎంతసేపు అంటుకొని ఉన్నదన్నది కూడా ముఖ్యం.

సన్నని బిడ్డ, బొద్దు బిడ్డ

పళ్లు పుచ్చితే బరువు తగ్గుతుందా, పెరుగుతుందా? అనేక దేశాల్లో బడిపిల్లల ఎత్తు, బరువు, పళ్లు కలిపి పరీక్షించారు. కొన్నిచోట్ల పుచ్చుపళ్లు బరువు తక్కువ పిల్లల్లో ఎక్కువగా కనిపించాయి, మరికొన్నిచోట్ల బరువు ఎక్కువైన పిల్లల్లో కనిపించాయి. ఇది వింతగా తోచవచ్చు గాని, ఆలోచిస్తే అర్థమవుతుంది.

బొద్దు బిడ్డ విషయంలో పన్ను పుచ్చడానికీ, కొవ్వు పేరుకోవడానికీ వేరు ఒక్కటే. అది మాటిమాటికి తినే తీపి, త్రాగే కూల్‌డ్రింకు. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 25 గ్రాముల పంచదార, అనగా ఐదు చెంచాలు ఉంటుంది. మనం తినే ఆహారపు శక్తిలో పదో వంతు కంటే తక్కువే పంచదార, బెల్లం, తేనె వంటి తీపి నుండి రావాలని, ఇరవయ్యో వంతుకు తగ్గితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. చిన్న బిడ్డకు ఒక్క సీసాతోనే ఆ ఇరవయ్యో వంతు దాటిపోతుంది.

సన్నని బిడ్డ కథ వేరు. పుచ్చు లోపలి గుజ్జు వరకు దిగితే చల్లని నీళ్లు తగిలినా, వేడి అన్నం తగిలినా జివ్వుమంటుంది. నమలలేని బిడ్డ జొన్నరొట్టె వద్దంటాడు, పల్లీలు వద్దంటాడు, మాంసం ముక్క పక్కకు నెడతాడు. మెత్తని బన్ను, టీ, బిస్కెట్టు మాత్రం అడుగుతాడు. అవి మరికొన్ని పళ్లను పుచ్చిస్తాయి. రాత్రి నొప్పితో నిద్ర చెడుతుంది. తిండి, నిద్ర రెండూ లేని బిడ్డ ఎలా ఎదుగుతాడు? చాలామంది చిన్నపిల్లలు "పన్ను నొప్పి" అని చెప్పరు. "అన్నం వద్దు" అంటారు. మనమేమో మొండితనమని ఒక దెబ్బ వేస్తాం.

ఇంకొక దారి కూడా ఉంది. గర్భంలోను, మొదటి సంవత్సరాల్లోను సరియైన పోషణ లేని బిడ్డకు పన్ను మీది పింగాణి పొరే బలహీనంగా ఏర్పడవచ్చు. అలాంటి పన్ను తొందరగా పుచ్చుతుంది. అనగా లేమి పన్నును పాడుచేస్తుంది, పాడైన పన్ను లేమిని పెంచుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లలు ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు వయస్సుకు తగిన ఎత్తు లేరు. కనుక ఇది మన గుమ్మం ముందున్న సంగతి.

వైద్యం చేయిస్తే బరువు పెరుగుతుందా? ఫిలిప్పీన్స్ దేశంలో బరువు తక్కువ పిల్లలకు గుజ్జు వరకు పుచ్చిన పాలపళ్లను తీసివేసినప్పుడు వారి బరువు పెరిగిందని 2012లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. అదే ఏట సౌదీ అరేబియా నుండి వచ్చిన పరిశోధనలో బరువులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు గాని, పిల్లల నొప్పి తగ్గి ఆకలి మెరుగుపడింది. పన్ను బాగుచేసినంత మాత్రాన ప్రతి బిడ్డా లావెక్కుతాడని మేము చెప్పము. నొప్పి లేకుండా అన్నం తినగలగడమే గొప్ప మేలు కాదా?

"ఊడిపోయే పళ్లే కదా!"

ఈ మాట మన ఇళ్లలో తరచుగా వింటాం. ముందరి పాలపళ్లు ఆరు, ఏడేళ్లకు ఊడతాయి, నిజమే. నమలడానికి పనికివచ్చే వెనుకటి పాలపళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల వరకు ఉండాలి. ఐదేళ్లకు పుచ్చిన దవడ పన్నుతో బిడ్డ ఇంకా ఐదారేళ్లు అన్నం తినాలి.

మరొక సంగతి తల్లులు తప్పక గుర్తుంచుకోవాలి. ఆరేళ్ల ప్రాయంలో పాలపళ్ల వరుస వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను వస్తుంది. పైన రెండు, క్రింద రెండు. ఏదీ ఊడలేదు కనుక అదీ పాలపన్నే అనుకుంటాం. అవి జీవితాంతం ఉండవలసిన పళ్లు. పోతే మళ్లీ రావు.

అయితే పంటి మీది ప్రతి మచ్చా పుచ్చు కాదు. పడమటనున్న కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల్లో భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. అవి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించారు. ఆ నీళ్లు త్రాగి పెరిగిన పిల్లల పళ్లపై సుద్ద తెలుపు లేక గోధుమరంగు చారలు ఉంటాయి. అటునుండి వచ్చిన కుటుంబాలు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

ఇంట్లో, బడిలో

రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో పళ్లు తోమించండి. మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేవరకు పెద్దవారే దగ్గరుండి తోమాలి. ఇటుక పొడి, బొగ్గు పళ్లను అరగదీస్తాయి. పాలసీసా నోట్లో పెట్టుకొని నిద్రపోయే అలవాటు మాన్పించండి. నొప్పి పన్నులో పొగాకు గాని, నస్యం గాని కుక్కవద్దు.

మన ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలోకి 2020లో వేరుశనగ చిక్కీ, 2023లో రాగిజావ వచ్చి చేరాయి. సన్నని బిడ్డకు అవి మంచి బలం. బెల్లం పళ్లకు అంటుకుంటుందని వాటిని మాన్పించనక్కరలేదు. తిన్న వెంటనే నీళ్లతో గట్టిగా పుక్కిలించమని నేర్పితే చాలు. ఐదు రూపాయల బిళ్లకు బదులు ఇంట్లో జామకాయ, ఉడికించిన వేరుశనగలు, గ్రుడ్డు, మజ్జిగ ఉంచండి. ఇవి కడుపు నింపుతాయి, పన్నును తినవు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలకు చేసే ఉచిత పరీక్షలలో పళ్ల పరీక్ష కూడా ఉంది. వైద్య బృందం వచ్చిన రోజున బిడ్డను బడి మాన్పించకండి. చిగురు మీద చీముపొక్కు, దవడ వాపు, జ్వరం ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

సంఘంలో

1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వంటివారు సువార్తతోపాటు వైద్యాన్ని కూడా తెచ్చారు. శరీరాన్ని చులకన చేయడం మన సంఘాలు నేర్చుకున్న పాఠం కాదు. మరి మన సండే స్కూలులో వాక్యం కంఠస్థం చేసిన బిడ్డకు బహుమానం ఏమిటి? చాక్లెట్టు. వి.బి.యస్. పది రోజులూ పిల్లలకు ఏమిస్తాం? క్రీము బిస్కెట్టు, రస్నా. పుట్టినరోజు వస్తే ఆరాధన తరువాత మళ్లీ చాక్లెట్లు. ప్రేమతోనే ఇస్తున్నాం. అదే ప్రేమతో పెన్సిలు, అరటిపండు, ఉడికిన సెనగలు ఇవ్వలేమా?

స్త్రీల సమాజం వారు ఏడాదికి రెండుసార్లు పిల్లల ఎత్తు, బరువు చూసి ఒక పుస్తకంలో వ్రాయవచ్చు. అప్పుడే వెలుతురులో నోరు తెరిపించి ఒకసారి చూడవచ్చు. బరువు పెరగని బిడ్డ పేరు ప్రక్కన "పళ్లు చూపించాలి" అని వ్రాసి, ఆ తల్లికి కూలి పోతుందన్న భయముంటే సంఘంలో ఒకరు తోడుగా ఆసుపత్రికి వెళ్లవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక దీపం దగ్గరకు పిలిచి, మీ పిల్లల నోళ్లు ఒక్కొక్కటిగా చూడండి. దేహము దేవుని ఆలయమని నమ్మే మనం, ఆ ఆలయపు వాకిలిని శుభ్రంగా ఉంచుదాము. మన పిల్లలు నొప్పి లేకుండా భుజించి, కృతజ్ఞతతో ఎదుగునట్లు ప్రభువు సహాయము చేయును గాక.